డబ్బాలో దొరకని హెల్మెట్

2025 జనవరి 28న మలేషియాలో మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష స్కాట్లాండ్ బౌలర్లను చితక్కొట్టి 59 బంతుల్లో 110 పరుగులు చేసింది, నాటౌట్‌గా. అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో అదే తొలి సెంచరీ. ఫిబ్రవరి 2న దక్షిణాఫ్రికాతో జరిగిన ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచి కప్పు అందించింది. మొత్తం టోర్నీలో 309 పరుగులు, 7 వికెట్లు. ఆమె తండ్రి గోదావరికి ఈవలి ఒడ్డున సారపాక కాగితపు మిల్లులో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా పనిచేసిన మనిషి. కూతురికి రెండేళ్ల వయసు నుంచే ప్లాస్టిక్ బంతులు విసిరి ఆట నేర్పారని పత్రికలన్నీ రాశాయి.

అలాంటి కథ చదివాక బూర్గంపాడులోనో పాల్వంచలోనో ఒక తండ్రి తన బిడ్డను మైదానానికి తీసుకెళ్తే, ఆయన మనసులో రెండు ప్రశ్నలుంటాయి. తలకు దెబ్బ తగిలితే ఎలా? ఒంటికి బలం రావాలంటే ఏం పెట్టాలి? మొదటిదానికి జవాబు చెప్పేవాళ్లు మనకు తక్కువ. రెండోదానికి మాత్రం ప్రతి మెడికల్ షాపులో, ప్రతి జిమ్ములో, ఫోను తెరిస్తే ప్రతి రీలులో జవాబులే జవాబులు. ఈ మధ్య ఆ రెండు ప్రశ్నల్నీ కలిపేసి ఒకే డబ్బాలో పెట్టి అమ్మే వ్యాపారం మొదలైంది. ఈ చేపనూనె గుళికలు వేసుకుంటే, ఈ పొడి పాలల్లో కలుపుకుంటే మెదడుకు దెబ్బ తగలదట, తగిలినా తొందరగా మానుతుందట. ఇందులో నిజమెంత, కోరిక ఎంత అన్నదే ఈ వ్యాసం.

ముందు తల లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పెద్దవాళ్ల మెదడు బరువు దాదాపు 1.4 కిలోలు. గిన్నెలో జున్నులా మెత్తగా ఉండే ఆ ముద్ద పుర్రె లోపల నీళ్లలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారిగా ఆగినా, గిర్రున తిరిగినా పుర్రె ఆగిన క్షణానికే మెదడు ఆగదు. అది కదిలి, మెలితిరిగి, లోపలి నరాల పోగులు సాగుతాయి. దీన్నే కంకషన్ అంటున్నారు. చాలాసార్లు సీటీ స్కాన్‌లో ఏమీ కనపడదు, ఎందుకంటే ఎముక విరగలేదు, రక్తం కారలేదు. చెడింది పోగుల పనితీరు. స్పృహ తప్పితేనే పెద్ద దెబ్బ అని మనవాళ్లు అనుకుంటారు గాని, ఆటల్లో తగిలే కంకషన్లలో స్పృహ తప్పేవి పదింట ఒకటి కూడా ఉండవు.

హెల్మెట్ పాత్ర ఏమిటన్నది ఇక్కడే తేలుతుంది. గట్టి గుల్ల, లోపలి మెత్త, ముందున్న ఇనుప జాలీ కలిసి బంతి బలాన్ని ఒకచోట పడనీయకుండా నలుదిక్కులా పంచుతాయి. పుర్రె పగలదు, పళ్లు రాలవు, కన్ను పోదు. కానీ పుర్రె లోపల మెదడు ఊగకుండా పట్టుకోవడం బయట పెట్టుకున్న ఏ వస్తువుకీ పూర్తిగా చేతకాదు. 2020 డిసెంబరు 4న కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా హెల్మెట్‌కు ఆస్ట్రేలియా బౌలర్ స్టార్క్ బంతి తగిలింది. హెల్మెట్ ఉండగానే కంకషన్. అతని బదులు దిగిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు. ఇలా తలకు దెబ్బ తగిలిన ఆటగాడి స్థానంలో ఇంకొకరిని దించే నిబంధనను అంతర్జాతీయ క్రికెట్ మండలి 2019 ఆగస్టు 1 నుంచే అమలు చేస్తోంది. చాహల్ వచ్చినందుకు ఆస్ట్రేలియా వాళ్లు రుసరుసలాడారు. ఆటలో గెలుపోటముల లెక్క అలాంటిది మరి.

ఆ తర్వాతి వారమే సిడ్నీలో వార్మప్ మ్యాచ్. బుమ్రా సూటిగా కొట్టిన బంతి బౌలింగ్ చేస్తున్న కామెరాన్ గ్రీన్ తలకు తగిలింది. అవతలి ఎండ్‌లో నిలబడ్డ మన హైదరాబాదీ మహ్మద్ సిరాజ్ పరుగు సంగతి మరచి, చేతిలో బ్యాటు అక్కడే వదిలేసి గ్రీన్ దగ్గరికి పరిగెత్తాడు. గ్రీన్ ఇక ఆ మ్యాచ్ ఆడలేదు. తలకు దెబ్బ తగిలిన మనిషి దగ్గర మొదట చేయాల్సిన పని ఏదో ఆ పరుగులోనే ఉంది. ఆట ఆపి అతన్ని చూడటం.

అదే పని ఆలస్యమైతే ఏమవుతుందో 1998లో ఢాకాలో చూశాం. భారత క్రికెటర్ రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా ఫార్వర్డ్ షార్ట్‌లెగ్‌లో నిలబడ్డాడు. బంతి నుదుటికి తగిలింది. ఆయన లేచి, తన కాళ్ల మీద తానే మైదానం దాటి లోపలికి నడిచి వెళ్లాడు. ఆ తర్వాత స్పృహ తప్పింది. మూడు రోజులకు చనిపోయాడు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తనాళం తెగితే కొందరిలో ఇలాగే జరుగుతుంది. మొదట బాగానే ఉంటారు, మాట్లాడతారు, నడుస్తారు. లోపల రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతున్నకొద్దీ మత్తుగా జారిపోతారు. "ఏం కాలేదు, బాగానే ఉన్నాడు" అని మనం ఊపిరి పీల్చుకునే ఆ గంటా రెండు గంటలే అసలు ప్రమాదమైన కాలం.

క్రికెట్‌లో హెల్మెట్ అయినా ఉంది. మా ఏజెన్సీలో పిల్లలు ఎక్కువగా ఆడేది కబడ్డీ, వాలీబాల్. కబడ్డీకి హెల్మెట్ లేదు, ఉండదు కూడా. సంక్రాంతి టోర్నీల్లో మట్టి కోర్టు, సున్నం గీతలు, చుట్టూ తాడు, ఆ తాడు మీద పడిపోతూ జనం. కూతకు వెళ్లిన కుర్రాడు బోనస్ కోసం కాలు చాపుతాడు. మూలన ఉన్నవాడు తొడ పట్టు పట్టడానికి తల వంచి దూకుతాడు. కూతగాడి మోకాలు, పట్టుకున్నవాడి కణత ఒక్కటవుతాయి. మిగతా అందరూ గుట్టగా మీద పడతారు. దుమ్ము తగ్గాక చూస్తే ఒకడు లేచి కూర్చుని మట్టి వైపు చూస్తుంటాడు. ముఖాన నీళ్లు కొడతారు. "లేరా, ఏం కాలేదు" అంటారు. వాడూ లేస్తాడు. తర్వాతి కూతకు వాడే వెళ్తాడు.

అప్పుడు పీఈటీ సారు వాణ్ని పక్కకు పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. "ఇప్పుడు స్కోరెంతరా? ఇందాక కూతకెళ్లింది ఎవరు? ఇది ఫస్టాఫా, సెకండాఫా? పొద్దున ఎవరితో ఆడాం?" పొద్దున దుమ్ముగూడెం జట్టుతో ఆడినవాడు "చర్లోళ్లతో సార్" అన్నాడంటే వాడి ఆట ఆ రోజుకి అయిపోయినట్టే. ఇది సరదా పరీక్ష కాదు. డేవిడ్ మాడక్స్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద పరీక్షించి తేల్చిన పద్ధతి. "నీ పేరేంటి, మీ ఊరేది" అంటే కంకషన్ ఉన్నవాడు కూడా టకటకా చెప్పేస్తాడు. పాత జ్ఞాపకం చెక్కుచెదరదు, ఇప్పుడే జరిగింది నిలవదు. అందుకే ఇప్పటి సంగతే అడగాలి.

సరే, ఇక పొడుల దగ్గరికి వద్దాం. ఈ కథలో మన గోదావరి మనిషి ఒకాయన ఉన్నారు, చాలామందికి తెలియదు.

దెబ్బ తగిలిన మరుక్షణం నరకణాల గోడల్లో తలుపులు ఇష్టం వచ్చినట్టు తెరుచుకుంటాయి. లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి, బయట ఉండాల్సిన సోడియం, కాల్షియం లోపలికి పోతాయి. వాటిని మళ్లీ ఎక్కడివక్కడికి తోడటానికి కణంలోని పంపులు పూర్తి బలంతో పనిచేయాలి. దానికి ఏటీపీ అనే శక్తి అణువులు కుప్పలుగా కావాలి. శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా, మామూలు రోజుల్లోనే మనం వాడే శక్తిలో 20 శాతం అదే తింటుంది. దెబ్బ తర్వాత కాసేపు చక్కెరను విపరీతంగా కాల్చేస్తుంది. ఆ తర్వాత తిరగబడుతుంది. ఎలుకల మీద ప్రయోగాల్లో వారం పది రోజుల దాకా మెదడు చక్కెర వాడకం మందగించింది. అవసరం ఎక్కువ, సరఫరా తక్కువ. ఈ కరువు రోజుల్లో రెండో దెబ్బ తగిలితే, మొదటిది చిన్నదైనా సరే, నష్టం రెట్టింపుకి మించి ఉంటుందని శాస్త్రవేత్తల భయం. ఎదిగే పిల్లల్లో అరుదుగానైనా మెదడు వాచి ప్రాణం పోయిన ఘటనలు ఉన్నాయి.

ఏటీపీ అయిపోతున్న చోట దాన్ని క్షణాల్లో తిరిగి తయారుచేసే నిల్వ ఒకటి కణాల్లో ఉంటుంది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుక్కున్నది యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లిన మన సుబ్బారావు. 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరుచేసినవారిలో కూడా ఆ ఇద్దరూ ఉన్నారు. కండరం సంకోచించడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న అప్పటి నోబెల్ స్థాయి సిద్ధాంతం ఈ పనితోనే తడబడింది. ఇవాళ జిమ్ముల్లో కుర్రాళ్లు నీళ్లలో కలుపుకు తాగే క్రియాటిన్ డబ్బా వెనుక ఉన్న జీవరసాయనం ఆయనది. డబ్బా మీద ఆయన పేరుండదు లెండి, ఉండాలని నేను అననూ అనను.

కాబట్టి క్రియాటిన్ మీద ఆశ ఊరికే పుట్టలేదు. దెబ్బతిన్న మెదడుకు శక్తి కరువు. క్రియాటిన్ శక్తి నిల్వ పెంచుతుంది. మరి ముందే తింటూ ఉంటే? వినడానికి తిన్నగా ఉంది. గ్రీసులో తలకు పెద్ద దెబ్బ తగిలిన 39 మంది పిల్లల్లో కొందరికి ఆరు నెలలపాటు కిలో బరువుకు రోజూ 0.4 గ్రాముల చొప్పున క్రియాటిన్ ఇచ్చి చూశారు. ఇవ్వని పిల్లలతో పోలిస్తే తలనొప్పి, తలతిరుగుడు, నీరసం తగ్గాయన్నారు. 2008 నాటి ఫలితం అది. అయితే ఎవరికి మందు ఇస్తున్నారో అందరికీ తెలిసే జరిగిన చిన్న ప్రయోగం. పైగా వాళ్లు ప్రమాదాల్లో తీవ్రంగా గాయపడ్డ పిల్లలు, కబడ్డీలో మోకాలు తగిలినవాళ్లు కారు. ఇంకో చిక్కు. క్రియాటిన్ కండరంలోకి సులువుగా చేరుతుంది. మెదడులోకి మాత్రం రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాటి చాలా నెమ్మదిగా, కొద్దికొద్దిగానే పోతుంది. కండబలానికి క్రియాటిన్ పనిచేస్తుందని రుజువులు గట్టిగానే ఉన్నాయి. కంకషన్‌కు అడ్డు వేస్తుందన్న రుజువు ఇంకా లేదు.

చేపనూనె సంగతి ఇంకొంచెం ముందుకు వెళ్లింది. నరకణాల గోడల్లో డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు దండిగా ఉంటుంది. 2016లో అమెరికాలో 81 మంది కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు సీజన్ పొడవునా రోజూ 2, 4, 6 గ్రాముల డీహెచ్ఏ గానీ, ఉత్తుత్తి గుళికలు గానీ ఇచ్చి రక్తం పరీక్షించారు. నరాల పోగులు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి జారే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్ డీహెచ్ఏ తీసుకున్నవాళ్లలో తక్కువగా పెరిగింది. బాగుంది. కానీ అది రక్తంలో ఒక అంకె. వాళ్లకు కంకషన్లు తగ్గాయా, పాతికేళ్ల తర్వాత జ్ఞాపకశక్తి నిలిచిందా అన్నవి ఆ ప్రయోగం అడిగిన ప్రశ్నలే కావు. ఇవి అసలు ప్రశ్నలు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో చనిపోయాక ఆయన మెదడును కోసి చూసిన నైజీరియా మూలాల డాక్టర్ బెన్నెట్ ఒమాలు 2005లో రాసిన పరిశోధనా పత్రంతో ప్రపంచానికి అర్థమైంది, ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలు నెమ్మదిగా మెదడును తినేస్తాయని. బాక్సర్లలో ఇదే తీరు తిక్కతిక్కగా మారడాన్ని హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. అలాంటి నెమ్మది జబ్బుకు గుళిక పనిచేస్తుందో లేదో చెప్పాలంటే దశాబ్దాలు కావాలి. అమ్మేవాళ్లకు అంత ఓపిక లేదు.

చేపల మాట వచ్చింది కనుక. గోదావరి పక్కన ఉన్నాం కదా, చేపలకు కొదవా అనిపిస్తుంది. డీహెచ్ఏ ఎక్కువగా ఉండేది కవళ్లు, కానాగంతల వంటి సముద్రపు నూనె చేపల్లో. పేరుమోసిన పులస దవళేశ్వరం దిగువనే దొరుకుతుంది, భద్రాచలం దాకా రాదు. మన చెరువు బొచ్చె, రవ్వ మంచి ప్రొటీను, తప్పకుండా తినాల్సినవే, కానీ డీహెచ్ఏ కొంచెమే. అవిసె గింజల్లో ఉండేది వేరే ఒమేగా-3. దానిలో డీహెచ్ఏగా మారేది చాలా స్వల్పం. అవిసెల పొడి అన్నంలో కలుపుకుని తినండి, రుచిగా ఉంటుంది. మెదడుకు కవచమని మాత్రం తినకండి.

మిగతావాటికి ఇంత చోటు అక్కర్లేదు. పసుపులోని కర్క్యుమిన్ ఎలుకల్లో బాగా పనిచేసింది. మనిషి పేగుల్లోంచి అది రక్తంలోకి చేరేదే అంతంత మాత్రం. మెగ్నీషియం మీద పెద్ద ఆశే ఉండేది, నరకణం మీద కాల్షియం తలుపును అది మూసిపెడుతుంది కనుక. 499 మంది రోగుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2007లో వచ్చాయి. మేలు జరగలేదు సరికదా, చెడు జరిగిందేమోనన్న అనుమానం మిగిలింది. సిటికోలిన్ అయితే మన దగ్గర తలకు దెబ్బ తగిలినవాళ్ల చీటీల్లో తరచూ కనిపించే పేరు. 2012లో అమెరికాలో 1,213 మందికి 90 రోజులు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా కనపడలేదు. సరస్వతి ఆకు తింటే తెలివి పెరుగుతుందని మన ఇళ్లలో నమ్మకం. తలకు దెబ్బ తగిలిన ఆటగాళ్ల విషయంలో దానికి రుజువులు లేవు. ఎలుకల్లో నెగ్గి మనుషుల్లో ఓడిన మందుల జాబితా తల గాయాల వైద్యంలో ఉన్నంత పొడవు ఇంకెక్కడా ఉండదేమో. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లో జనానికి సూటిగానే చెప్పింది, ఏ సప్లిమెంటూ కంకషన్‌ను ఆపలేదు, నయం చేయలేదు అని. ఆపుతుందని చెప్పి అమ్మిన కంపెనీలకు నోటీసులూ పంపింది. అక్కడి అధికారుల వాదన నాకు అన్నిటికంటే నచ్చింది. డబ్బాలో విషం ఉందని కాదు వాళ్ల బాధ. అది మింగిన పిల్లాడు మానిపోయిందనుకుని ముందే ఆటలోకి దిగుతాడన్నది.

విషం సంగతి కూడా చూద్దాం. 2024లో కేరళ వైద్యులు తమ బృందంతో మన దేశంలో అమ్ముతున్న 36 ప్రొటీన్ పొడులు కొని పరీక్ష చేయించారు. దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రొటీన్ లెక్క తప్పు. 14 శాతంలో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్. 8 శాతంలో పురుగుమందుల ఆనవాళ్లు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని అందులో ఒకటి. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ వచ్చిన ఆ సంస్థకు ఈ దేశపు పళ్లెం గురించి తెలిసినంత మరొకరికి తెలియదు. పోటీల్లో ఆడే పిల్లలకు ఇంకో గండం ఉంది. డబ్బాలో నిషేధిత ఉత్ప్రేరకం కలిసి ఉండి డోపింగ్ పరీక్షలో దొరికితే, "నాకు తెలియదు" అన్న మాట పెద్దగా చెల్లదు.

మరి తిండికి మెదడు గాయంతో సంబంధమే లేదా? ఉంది, పొడుల వాళ్లు చెప్పే దారిలో కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆ గుంపులోనే మన హాస్టళ్ల కబడ్డీ అమ్మాయిలు ఉన్నారు. రక్తం తక్కువున్న పిల్ల సెకండాఫ్‌కి అలసిపోతుంది. అలసిన శరీరం పట్టుకు దిగేటప్పుడు తలను సరైన చోట పెట్టదు. పైగా కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి చెప్పక్కర్లేదు. వేసవి శిబిరంలో పది గంటలకే నెత్తి మాడుతుంది. రక్తం తక్కువై, నీళ్లు తాగక కళ్లు తిరిగిన పిల్లకూ, కంకషన్ వల్ల కళ్లు తిరిగిన పిల్లకూ తేడా కోచ్ ఎలా కనిపెట్టాలి? రోజూ "కళ్లు తిరుగుతున్నాయి సార్" అనే పిల్ల తలకు దెబ్బ తగిలిన రోజు కూడా అదే మాట అంటే ఎవరూ పట్టించుకోరు. ఐరన్ మాత్ర, గుడ్డు, ఆకుకూర, పప్పు, నీళ్లు చేసే మేలు ఇక్కడ ఉంది. అవి మెదడు చుట్టూ గోడ కట్టవు, ప్రమాద సూచనను స్పష్టంగా వినిపించేలా చేస్తాయి. ఆ లెక్కన భద్రాచలం మహిళా సంఘాల వాళ్లు చిరుధాన్యాలతో చేసి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో అమ్ముతున్న బిస్కెట్లు బయటి ఊళ్లకు పోయేముందు కిన్నెరసాని క్రీడా పాఠశాల పిల్లల బల్ల మీదికి రావాలని నా కోరిక.

రక్షణ సామగ్రి మీద అతి నమ్మకం పెట్టుకోకూడదని ఇంకో చోట కూడా తెలుస్తుంది. నిజామాబాద్ నుంచి ఇద్దరు బాక్సర్లు ప్రపంచ స్థాయికి వెళ్లారు. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. మహ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో కాంస్యం గెలిచాడు. నిఖత్ తలకు రక్షణ టోపీ పెట్టుకుని ఆడింది, హుసాముద్దీన్ పెట్టుకోలేదు. 2013 నుంచి పెద్ద పురుషుల పోటీల్లో ఆ టోపీ తీసేశారు. టోపీ ఉంటే చర్మం చిట్లదు గాని కంకషన్ ఆగదనీ, పైగా ధైర్యం పెరిగి తల ముందుకు పెట్టి ఎక్కువ గుద్దులు తింటారనీ నిర్వాహకుల వాదన. ఆడవాళ్లకు మాత్రం ఉంచారు. ఒకే ఊరి ఇద్దరి మెదళ్లకు రెండు నియమాలు! వాదన ఎవరిది నిజమైనా, టోపీ నమ్ముకుని గుద్దులు తినడం తెలివైన పని కాదని అందరూ ఒప్పుకుంటారు.

2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ నిపుణులు కూర్చుని రాసిన నియమాల్లో ఏ పొడి పేరూ చికిత్సగా లేదు. అనుమానం వస్తే ఆ రోజుకి ఆట బంద్. ఒకటి రెండు రోజులు తేలికపాటి విశ్రాంతి, ఫోను తగ్గించడం. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి; ఇప్పుడు నడక లాంటి చిన్న పనులు త్వరగానే మొదలుపెట్టిస్తున్నారు. తర్వాత మెట్టు మెట్టుగా, మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున, జాగింగ్, ఒంటరి సాధన, వైద్యుడు సరేనన్నాకే పట్లు, కూతలు. బడికి తిరిగి వెళ్లడం ఆటకంటే ముందు. బ్రిటన్‌లో ఊరి స్థాయి ఆటగాళ్లు పోటీలోకి దిగాలంటే కనీసం 21 రోజులు ఆగాలి.

మన అడవి అంచున ఇంకో రెండు మాటలు కలపాలి. ఒకటి దూరం. చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు, భద్రాచలం నుంచి ఖమ్మం మరో 120, హైదరాబాద్ 300కు పైనే. అందుకని వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, తలనొప్పి గంట గంటకూ పెరుగుతున్నా, మాట తడబడుతున్నా, ఒంట్లో ఒక పక్క తిమ్మిరెక్కినా, ఫిట్స్ వచ్చినా, మెడ నొప్పి ఉన్నా, నిద్ర లేపితే లేవకపోయినా తెల్లారే దాకా చూద్దాం అనుకోవద్దు. 108కి అప్పుడే ఫోన్ చేయాలి. మెడ నొప్పి అంటే ఆ పిల్లాణ్ని బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లకూడదు. శనివారం ఆటలో దెబ్బ తగిలిన హాస్టల్ పిల్లాడు ఆ సాయంత్రమే గూడెం వెళ్లిపోతే ఇంట్లోవాళ్లకు విషయం తెలియాలి. తెలిసిన పెద్దవాళ్లు ఒకరు ఆ రాత్రి, మర్నాడు పక్కనే ఉండాలి.

రెండోది కల్లు. గెలిచిన రాత్రి జీలుగు కల్లో, ఇప్పసారానో తిరగడం మామూలే. తలకు దెబ్బ తగిలినవాడు తాగితే వాడి మత్తు దేనివల్లో ఎవరికీ తెలియదు. పడుకున్నాడులే అనుకుంటారు. ఆ ఒక్కడికీ ఆ రాత్రి ఒక్క చుక్క కూడా పోయొద్దు. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి మొదటి ఒకటి రెండు రోజులు ఇవ్వకండి. లోపల రక్తం కారుతుంటే అవి ఇంకా కారనిస్తాయి.

క్రికెట్ వాళ్లకు తల దెబ్బకు మారు ఆటగాణ్ని దించడానికి 2019లో కొత్త నిబంధన కావలసి వచ్చింది. కబడ్డీకి ఆ ఇబ్బంది కూడా లేదు. ఏడుగురు ఆడుతుంటే గట్టున ఐదుగురు మారు ఆటగాళ్లు కూర్చునే ఉంటారు. ఈసారి సంక్రాంతికి మీ మండలంలో టోర్నీ పెట్టే కమిటీ పెద్దలకు నా విన్నపం ఇదే. ప్రైజులు ప్రకటించే మైకులోనే ఇంకో మాట కూడా ప్రకటించండి. తలకు దెబ్బ తగిలి ప్రశ్నలకు తప్పు జవాబు చెప్పినవాడు ఆ టోర్నీలో ఇక ఆడడు, అంపైర్ మాటే ఆఖరు, అలా ఆటగాణ్ని బయటికి తీసిన జట్టును ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఆ ఒక్క ప్రకటనకు ఖర్చు లేదు, డబ్బా కొనక్కర్లేదు.